వరుస చివర నడిచినవాళ్ళం

సుబేదారు గారు మా ఇంటికి వచ్చిన రోజు నేను పడసాలలో కూర్చుని నైటీ గుడ్డల మీద సుద్దముక్కతో గీతలు గీస్తున్నాను. పామిడిలో చాలామంది ఆడవాళ్ళ బతుకు ఈ నైటీల మీదే. నేను కత్తిరించి ఇస్తాను, చుట్టుపక్కల వీధుల వాళ్ళు కుడతారు. ఆయన మోటారు సైకిలు ఆపి, గుమ్మం బయటే నిలబడి "ఏమ్మా, బాగుండావా?" అన్నారు. మా ఆయన పోయాక ఆయన మా ఇంటికి రావడం అదే మొదలు.

సుబేదారు గారు సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. జిల్లాలో ఉన్న మాజీ సైనికులందరినీ కూడగట్టి ఒక సంఘం నడుపుతున్నారు. మంచినీళ్ళు తాగి వచ్చిన పని చెప్పారు. గుత్తి కోట దగ్గర బయలుదేరి, పామిడి, తాడిపత్రి మీదుగా గండికోట దాకా నడుస్తారట. పాతకాలంలో సైన్యాలు కొట్టుకున్న చోట్లను కలుపుతూ నాలుగు రోజుల నడక. దారిలో ఊళ్ళవాళ్ళు, అంగళ్ళవాళ్ళు ఇచ్చే చందాలతో ఒక వ్యాను కొనాలని వాళ్ళ ఆలోచన. పల్లెల్లో ఉండే ముసలి సైనికులు అనంతపురంలో ఉన్న సైనికుల ఆసుపత్రికి రావాలంటే బస్సులు మారాలి. మోకాళ్ళు అరిగిపోయినవాళ్ళు, చూపు ఆననివాళ్ళు బస్సు ఎక్కలేక మందులే మానేస్తున్నారు. వ్యాను ఉంటే ఊరూరా తిరిగి వాళ్ళను తీసుకుపోయి, మళ్ళీ ఇంటి దగ్గర దింపుతుంది.

"పామిడికి వచ్చినప్పుడు బస్టాండు కాడ చిన్న సభ పెడతాండామమ్మా. నువ్వొచ్చి కుర్చీలో కూర్చుంటే చాలు. శాలువా కప్పుతాం" అన్నారు.

శాలువా కప్పించుకున్న ఆడవాళ్ళను నేను చూశాను. తల వంచుకుని కూర్చుంటారు. ఎవరో ఒక పెద్దమనిషి కప్పుతాడు, ఫోటో తీస్తారు, ఆ తర్వాత ఆ శాలువాను ఏం చేయాలో తెలియక ఒడిలో మడిచి పెట్టుకుంటారు. నాకు ఎందుకో ఒళ్ళు మండింది.

"నేను శాలువా కప్పించుకోను సార్. నడుస్తా" అన్నాను.

"ఎండకు తట్టుకోలేవమ్మా."

"చలికాలమే కదా సార్."

ఆయన నా కాళ్ళ వైపు చూసి, "సరే, బూట్లు కొనుక్కో. చెప్పులతో అయితే పాదాలు బొబ్బలెక్కుతాయి" అని వెళ్ళిపోయారు. అంత మాట ఎందుకు అన్నానా అని ఆ రోజంతా అనుకుంటూనే ఉన్నాను. అప్పటికి నేను ఇంటి నుంచి అంగడికి, అంగడి నుంచి ఇంటికి తప్ప ఎక్కడికీ నడిచిన మనిషిని కాదు.

మా పెళ్ళయ్యేనాటికే మా ఆయన సైన్యంలో ఉన్నారు. ఏడాదికి ఒకసారి సెలవుకు వచ్చేవారు. వచ్చిన రెండు రోజులు చుట్టాలతో సరిపోయేది. తర్వాత ఇంటిపైకి ఎక్కి కారే చోట్లు బాగుచేసేవారు, కిటికీలకు రంగు వేసేవారు. నాకు ఆయన మొహం అలవాటయ్యే సరికి రైలు రోజు వచ్చేది. మాకు పిల్లలు పుట్టలేదు. ఉత్తరాదిన, మంచు కొండల్లో, సరిహద్దు దగ్గర ఎక్కడెక్కడో పనిచేశారు. అక్కడ ఏం చూశారో నాకు చెప్పలేదు. అడిగితే "ఏముంటాది, డ్యూటీ" అనేవారు. రిటైరయ్యాక తాడిపత్రి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో గేటు కాపలా ఉద్యోగం దొరికింది. అక్కడే గది తీసుకున్నారు. వారానికి ఒకరోజు ఇంటికి వచ్చేవారు. ఆ ఒక్కరోజూ కూడా మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవారు, లేకపోతే వీధి అరుగు మీద కూర్చుని రోడ్డు చూస్తుండేవారు. కోపం లేదు, తాగుడు లేదు, నన్ను ఒక్క మాట అన్నది లేదు. మాటలే లేవు.

ఒకరోజు ఫ్యాక్టరీ గేటు దగ్గరే గుండె పట్టుకుని కూలబడ్డారు. తీసుకొచ్చారు. జరగాల్సినవి జరిగాయి. నేను ఏడవలేదు. ఏడుపు రాలేదు. బంధువుల్లో ఒకామె నాకు వినిపించేటట్టే "రాయి మాదిరి కూర్చుండాది చూడు" అంది. ఆమె మీద నాకు కోపం రాలేదు, ఎందుకంటే నాకూ అదే అనుమానం. కానీ ఇన్నేళ్ళలో ఆయన ఇంట్లో లేకపోవడమే నాకు రోజూ ఉండే సంగతి. ఉన్న రోజులే లెక్కకు కొత్తవి. అందరూ వెళ్ళిపోయాక ఇల్లు మునుపటి మాదిరే ఉంది. ఆయన మునుపటి మాదిరే ఇంట్లో లేరు. మనసు ఒప్పుకోలేదని అనను, దానికి అసలు తెలియనేలేదు. ఎక్కడో డ్యూటీలో ఉన్నారు, సెలవు దొరకలేదు, అంతే అన్నట్టు నెలలు గడిచాయి.

అట్లాంటి మనిషినైన నేను నడకకు వెళ్ళాను.

గుత్తిలో ఆ ఉదయం కోట కింద పెద్ద జనం. బడిపిల్లలు, బ్యాండు మేళం, జెండాలు, తెల్ల టోపీలు. చీర మీద బూట్లు వేసుకున్నది నేనొక్కదాన్నే. అడుగు తీసి అడుగు వేస్తుంటే పరాయి వాళ్ళ కాళ్ళతో నడుస్తున్నట్టు ఉంది. కొండ మీద గోడ మీద గోడ, దాని పైన ఇంకో గోడ. కింద తెల్లదొరల సమాధులు. ఒక లెక్చరర్ మైకు పట్టుకుని కోట కథ చెప్పాడు. మరాఠా సర్దారు లోపల ఉంటే మైసూరు సైన్యం చుట్టుముట్టిందట. నెలల తరబడి కూర్చున్నారట. చివరికి లోపల నీళ్ళు అయిపోయి కోట లొంగిపోయిందట. నీళ్ళు అయిపోవడం మా సీమ మనుషులకు వింత కాదు, ఎవరూ ఆశ్చర్యపోలేదు. పక్కన ఒకాయన మాత్రం "ఇప్పుడూ అంతే కదప్పా" అని నవ్వాడు. నేను ఆ గోడలు చూస్తూ, బయట కూర్చున్న సిపాయిల ఇళ్ళలో ఆడవాళ్ళు ఏం చేస్తూ ఉండి ఉంటారు అనుకున్నాను. వాళ్ళకు ఎవరు కబురు చెప్పి ఉంటారు? చెప్పేవాడు నడిచి రావాలి కదా, ఎన్ని నెలలు పట్టి ఉంటుంది?

ఫోటోలు అయ్యాక బ్యాండు మేళం ఊరి చివర దాకా వచ్చి ఆగిపోయింది. పిల్లలు వెనక్కి మళ్ళారు. పెద్ద రోడ్డు ఎక్కేసరికి టోపీలు సగమయ్యాయి. మధ్యాహ్నానికి నడిచేవాళ్ళమే మిగిలాం, అందులోనూ నేను తప్ప అందరూ మాజీ సైనికులు. వాళ్ళకు ఒకరికొకరు తెలుసు. ఏ యూనిట్టు, ఏ ఊరి క్యాంపు, ఫలానా సాబు ఇప్పుడు ఎక్కడున్నాడు, ఇవే మాటలు. మధ్యమధ్య హిందీలో జోకులు వేసుకుని నవ్వుకునేవారు. నన్ను చూసి మర్యాదగా దారి ఇచ్చేవారు. "అమ్మా, నీళ్ళు తాగినావా?" అని అడిగేవారు. అంతకుమించి నాతో ఏం మాట్లాడాలో వాళ్ళకు తెలియదు, నాకూ తెలియదు. లారీలు పోయినప్పుడల్లా గాలికి చీర పక్కకు ఎగిరేది. కొంగు నడుముకు చుట్టుకుని నడిచాను.

సాయంత్రం పామిడి చేరాం. సొంత ఊరి బజారులో జెండా వెనక నడవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నా దగ్గర గుడ్డలు తీసుకునే ఒకామె మేడ మీద నుంచి వంగి, "ఏమక్కా, ఓట్లకు నిలబడినావా?" అని అరిచింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బస్టాండు దగ్గర సభ జరిగింది. ఏరు దాటే చోటు కాబట్టి ఇక్కడ కూడా దండులు దిగేవని సుబేదారు గారు చెప్పారు. బట్టల వ్యాపారస్తులు డబ్బాలో చందాలు వేశారు, వాళ్ళ కల్యాణ మంటపంలో అందరికీ భోజనం, పడక ఏర్పాటు చేశారు. చిత్రాన్నం, ఓళిగలు, మజ్జిగ. తిన్నాక అందరూ చాపలు పరుచుకుంటున్నారు. నా ఇల్లు రెండు వీధుల అవతలే ఉంది కాబట్టి నేను అక్కడ పడుకోవడంలో అర్థం లేదు.

ఇంటికి వచ్చి తాళం తీశాను. పొద్దున వదిలి వెళ్ళిన సుద్దముక్క, కత్తెర, సగం కత్తిరించిన గుడ్డ అట్లాగే ఉన్నాయి. బూట్లు విప్పితే మడమల దగ్గర తోలు లేచిపోయి ఉంది. గోరువెచ్చని నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. మంటపం నుంచి వాళ్ళ నవ్వులు లీలగా వినిపిస్తున్నాయి. ఎవరో పాట అందుకున్నారు. రేపు పొద్దున తలుపు తీయకుండా పడుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. ముసలామెకు చేతకాలేదులే అనుకుంటారు. వ్యానుకు రావాల్సిన చందాలు వస్తూనే ఉంటాయి. ఇట్లా అన్నీ అనుకున్నాను. కానీ తెల్లవారి మడమలకు గుడ్డపీలికలు చుట్టుకుని మళ్ళీ బూట్లు వేసుకున్నాను. ధైర్యం ఏమీ కాదు. ఇంట్లో కూర్చుంటే ఆ రోజు కూడా నిన్నటి రోజు లాగే ఉంటుందని భయం వేసింది, అంతే.

పామిడి దాటి తాడిపత్రి దారి పట్టాక వరుస సాగిపోయింది. వయసులో ఉన్నవాళ్ళు కవాతు చేసినట్టు ముందుకు వెళ్ళిపోయారు. జెండా చిన్నదైపోయి, ఒక మలుపు తర్వాత కనిపించకుండా పోయింది. వెనక మిగిలింది నేను, ఇంకొక పెద్దాయన.

ఆయన విడపనకల్లు వైపు నుంచి వచ్చిన ముస్లిం పెద్దాయన. డెబ్బై దాటి ఉంటుంది. ఫిరంగుల దళంలో పనిచేశారు. మోకాలికి పట్టీ, చేతిలో వెదురు కర్ర. ఏళ్ళ తరబడి ఫిరంగుల పక్కన నిలబడటంతో రెండు చెవులూ పోయాయి. చెవి మిషను ఉంది గానీ అది జేబులోనే ఉంటుంది.

"గాలికి కుయ్యో అంటాదమ్మా ఇది. తలకాయిలో గాడిద అరిచినట్లుంటాది" అని జేబు తట్టి చూపించారు. తనకు వినపడదు కాబట్టి ఎదుటివాళ్ళకూ వినపడదన్నట్టు గట్టిగా మాట్లాడేవారు. "మాది నల్లరేగడి నేల. ఈ ఏడు శనగ ఏసినాం. వాన రాల్యా, మంచుకే బతకల్ల." నేను ఏదో ఒకటి బదులు చెప్పేదాన్ని. ఆయన తలూపి ఇంకేదో మాట్లాడేవారు. నా మాటకూ ఆయన మాటకూ సంబంధమే ఉండేది కాదు. కాసేపటికి ఆయనకు ఆయాసం వచ్చి మాటలు ఆపేశారు. దారికి రెండు పక్కలా ఎండిన శెనక్కాయ పొలాలు, అక్కడక్కడ కంది చేలు, దూరంగా కొండల మీద గాలిమరలు. వినిపించేది ఆయన కర్ర చప్పుడు ఒక్కటే.

అప్పుడు నేను మాట్లాడటం మొదలుపెట్టాను. ఎప్పుడు మొదలైందో నాకే సరిగ్గా తెలియదు. ముందు మడమల నొప్పి గురించి గొణుక్కున్నాను. తర్వాత మా ఆయన గురించి. ఇంటికి వచ్చినప్పుడు దుప్పటిని అంచులు కలిపి డబ్బా మాదిరి మడిచేవారని, ఆ మడత చూస్తే నాకు ఏడుపు వచ్చేదని. మనిషి పక్కనే ఉన్నా పిలిస్తే ఎంతో దూరం నుంచి వచ్చినట్టు తిరిగి చూసేవారని. నేను ఒకసారి విసిగిపోయి "నీకు నేను ఎవరిని?" అని అడిగితే, ఆయన చాలాసేపు ఆలోచించి, లేచి వెళ్ళి బిందెతో నీళ్ళు తెచ్చిపెట్టారని. అది జవాబో కాదో నాకు ఈనాటికీ తెలియదని. ఆ రోజు అందరూ ఏడుస్తుంటే నాకు ఏడుపు రాలేదని. ఈ మాటలు నేను మా అక్కతో అనలేదు, ఇరుగుపొరుగుతో అనలేదు. పక్కన ఒక మనిషి నడుస్తున్నాడు, ఆ మనిషికి నా మాట వినపడదు. దానికంటే నిశ్చింత ఏముంటుంది? పెద్దాయన అప్పుడప్పుడు నా వైపు చూసి, పెదాలు కదలడం చూసి, "ఆ, ఆ" అని తలూపేవారు.

ఒక కంది చేను పక్కన ఆగి నీళ్ళు తాగుతున్నాం. ఆయన మూతి తుడుచుకుని, ఏదో గుర్తొచ్చినట్టు నన్ను పరకాయించి చూశారు.

"నువ్వు పామిడి హవల్దారు భార్యవి కదమ్మా? సిమెంటు ఫ్యాక్టరీలో ఉండాడే, ఆయన?"

అవునని తలూపాను.

"నాకు బాగా తెలుసు. అనంతపురం మిలిటరీ క్యాంటీన్ కాడ కలుస్తాంటిమి. సామాన్లకు లైన్లో నిలబడుకుంటే ఆయన నా ఎనకాల నిలబడుకుంటాండె. నా నంబరు పిలిస్తే నాకు ఇనపడదు కదా, భుజం తట్టేవాడు. ఈమధ్య శానా దినాలాయె చూసి. నడకకు రాలేదేం? డ్యూటీలో ఉండాడా?"

నేను "లేరన్నా" అన్నాను.

"ఆ?"

"లేరు."

"ఊర్లో లేడా? యాడికి పోయినాడు?"

నేను ఆయన చెవి దగ్గరికి వెళ్ళి "పోయినారు" అన్నాను. ఆయన చెయ్యి చెవికి ఆనించి, "యాడికి?" అని మళ్ళీ అడిగారు. పసిబిడ్డ మాదిరి మొహం పెట్టుకుని జవాబు కోసం ఎదురుచూస్తున్నారు. చేత్తో సైగ చేద్దామా అంటే, మొగుడు చచ్చిపోయాడని ఏ సైగ చేయాలి? నాకు లోపల ఏదో తెగింది. రెండు చేతులూ నోటికి రెండు వైపులా పెట్టుకుని అరిచాను.

"లేరు! చచ్చిపోయినారు! మా ఆయన చచ్చిపోయినాడు!"

ఆ బయలులో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అంతవరకు నేను ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఊరందరికీ ముందే తెలుసు, నేను చెప్పాల్సిన అవసరమే రాలేదు. కాగితాల మీద రాశారు, గోడకు అంటించారు, పూజారి చెప్పాడు, బంధువులు చెప్పారు. నా నోటితో నేను అనడం అదే మొదటిసారి. అన్నాక నాకు తెలిసింది. దారి పక్కనే రాళ్ళ మీద కూర్చుండిపోయాను.

కంది కాయలు కోస్తున్న ఒక ఆమె చేలోంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఏమైందక్కా? ఎవురు పోయినారు? ఇప్పుడా?" అని నా రెండు భుజాలూ పట్టుకుంది. ఇప్పుడు కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఏడుస్తున్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. నా పక్కనే నేల మీద కూర్చుని, ఎవరో ఏమిటో తెలియని నా కోసం, తన చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత చెంబుతో నీళ్ళు తెచ్చి మొహం కడిగించింది. ఆమె ఊరు పేరు కూడా నేను అడగలేదు.

పెద్దాయన కర్ర పక్కన పెట్టి నా ఎదురుగా చతికిలబడ్డారు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు.

"నాకెవురూ చెప్పలేదమ్మా" అన్నారు. ఆ మాట మాత్రం మెల్లగా అన్నారు. "గట్టిగా అరిచి చెప్పల్ల కదా, అందుకని నాకు ఎవురూ ఏమీ చెప్పరు. మా తమ్ముని కొడుకు పోయినా మూడో దినం ఎవుని మొహమో చూసి కనుక్కుంటి. నిజ్జంగా తెలీదు తల్లీ. తెలిసింటే అట్ల అడుగుతునా?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన మళ్ళీ అన్నారు. "శానా మంచోడు. శానా మాట్లాడేవాడు."

ఎవరి గురించి చెబుతున్నారో పొరబడ్డారేమో అనుకున్నాను.

"మా ఆయనా?" అని అరిచాను.

"ఆయనే. లైను కదిలేదాకా చెప్తానే ఉంటాండె. సామాన్లు తీసుకున్నంక కూడా గోడ కాడ నీడలో కూర్చొని గంటలు గంటలు చెప్పేవాడు."

"ఏం చెప్పేవారు?"

"తెలీదమ్మా."

"ఏమన్నా గుర్తుందేమో చూడన్నా!"

"గుర్తుండేదానికి నాకు ఇనపడితే కదా. ఆ జనంలో, ఆ గోలలో ఏం ఇనపడుతాది? ఆయనేమో మెల్లగా మాట్లాడేవాడు. తలొంచుకొని నేలను చూస్తా చెప్పేవాడు. మనిషి చెప్పుకుంటాండాడులే అని నేను తలూపుతాంటి." రెండు చేతులూ ముందుకు చాచి, ఏదో బరువైన దాన్ని కింద నుంచి ఎత్తుకున్నట్టు చూపించారు. "చేతులు ఇట్ల పెట్టేవాడు. మళ్ళా మళ్ళా ఇట్లనే పెట్టేవాడు. ఎత్తుకొని పోయినట్ల. ఒకసారి ఏడ్చినాడు కూడా. నేను బీడీ ఇస్తే తీసుకోలే."

ఆ చేతుల వైపు నేను ఎంతసేపు చూశానో. మంచులో ఎవరిని ఎత్తుకున్నారో, ఎంత దూరం మోశారో, వాళ్ళు బతికారో లేదో. ఆ మనిషికి మాటలు ఉన్నాయి. అవి బయటికి వచ్చాయి కూడా. వినపడని చెవిని వెతుక్కుని అక్కడ పోసి, ఖాళీ చేతులతో నా దగ్గరికి వచ్చారు. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆయన మీదా కాదు, ఈ పెద్దాయన మీదా కాదు, కొంతసేపటి ముందు అదే పని చేసిన నా మీదా కాదు, ఎవరి మీదో తెలియని కోపం. లేచి, పెద్దాయనను అక్కడే వదిలేసి విసవిసా నడిచాను.

చాలా దూరం ఒక్కదాన్నే నడిచాను. ఎర్రనేల పోయి నల్లనేల వచ్చింది. పప్పుశనగ చేలు పచ్చగా మోకాళ్ళ ఎత్తున ఉన్నాయి. ఎదురుగా లారీ ఏదైనా వస్తే దాని దుమ్ము కళ్ళలో పడేది. ఒకచోట మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. దూరంగా తెల్ల టోపీ, కర్ర, మెల్లగా కదులుతున్నాయి. ఆయనకు వెనక నుంచి లారీ వస్తే వినపడదు కదా అన్న ఆలోచన అప్పుడు వచ్చింది. ఆగిపోయాను. ఆయన దగ్గరికి వచ్చేదాకా నిలబడి, ఆ తర్వాత ఆయనకు రోడ్డు వైపున నేను నడిచాను.

మరుసటి రోజు సాయంత్రానికి తాడిపత్రి చేరాం. ఊరి బయట నుంచే బండలు కోసే మిషన్ల రొద, చెట్ల ఆకుల మీద తెల్లటి రాతి పొడి. ఆ రొదలో అందరూ ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటున్నారు. పెద్దాయన అది చూసి నవ్వి, "ఈ ఊర్లో అందరూ నా మాదిరే ఉండారే" అన్నారు. మా ఆయన పనిచేసిన ఫ్యాక్టరీ పొగగొట్టం దూరంగా కనిపించింది. ఆ వైపు వెళ్ళి చూద్దామా అనిపించింది. వెళ్ళి ఏం చేయాలి? గేటు దగ్గర ఇప్పుడు ఇంకెవరో కూర్చుని ఉంటారు. వెళ్ళలేదు.

తాడిపత్రి అవతల దారి చాలా పొడుగు, అందరి కాళ్ళలో సత్తువ అయిపోయింది, అందుకని సుబేదారు గారు బస్సు మాట్లాడి కొంత మేర దాటించారు. చివరి మజిలీ మాత్రం నడుచుకుంటూనే వెళ్ళి కోట చేరాలని పట్టుబట్టారు. గండికోటలో పెన్న లోయ అంచున సభ. పర్యాటకులు సెల్ఫీలు దిగుతున్నారు. ఇక్కడా ఎవరు ఎవరిని గెలిచారో ఒకాయన చెప్పాడు. జనగణమన పాడాం. తర్వాత నడిచిన వాళ్ళంతా తలా ఒక మాట చెప్పాలని సుబేదారు గారు మైకు తిప్పారు. దేశం గురించి, క్రమశిక్షణ గురించి, వ్యాను గురించి చెప్పారు. నా దగ్గరికి వచ్చినప్పుడు నేను దండం పెట్టి మైకు పక్కకు ఇచ్చేశాను.

పెద్దాయన తీసుకున్నారు. మైకు అక్కర్లేని గొంతు ఆయనది. మైకు కీచుమంది. వెనక పిల్లలు నవ్వారు.

"నాకు చెవులు ఇనపడవు" అని మొదలుపెట్టారు. "అందరికీ నేను చెప్పేది ఒకటే. మనోళ్ళు ఎవురన్నా పోతే నాకు చెప్పండప్పా. గట్టిగా చెప్పండి. అరిసి చెప్పండి. ఇనపడకపోతే మళ్ళా చెప్పండి. నాకు తెలియల్ల."

నవ్వులు ఆగిపోయాయి. ఆయన మైకు సుబేదారు గారికి ఇచ్చి, సెల్యూట్ చేసి, వచ్చి నా పక్కన కూర్చున్నారు. లోయలోంచి గాలి వస్తోంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

పామిడికి బస్సులో వచ్చాను. కిటికీ పక్క సీటు. నడిచిన దారే బస్సులో ఎంత త్వరగా అయిపోయిందో! కంది చేను ఎక్కడ వచ్చిందో చూద్దామనుకున్నాను, గుర్తుపట్టలేకపోయాను. అన్ని చేలూ ఒకేలా ఉన్నాయి. ఇంటికి వచ్చి వారం రోజులు ఊరికే ఏడ్చాను. గుడ్డ కత్తిరిస్తూ ఏడ్చాను, నీళ్ళు పడుతూ ఏడ్చాను. పక్కింటామె కంగారుపడి ఏమైందని అడిగింది. "మా ఆయన పోయినాడు" అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది. అప్పటికి ఆయన పోయి ఏడాది దాటింది.

ఇల్లు మునుపటి మాదిరే ఉంది అని ఇప్పుడు అనలేను. ఇప్పుడు ఖాళీగా ఉంది. మునుపు ఆయన డ్యూటీలో ఉన్నారనే అబద్ధం ఒకటి నాకు తోడుగా ఉండేది, అది పోయింది. దాని బదులు ఏమీ రాలేదు. సాయంత్రాలు పొడుగ్గా ఉంటాయి. ఒక్కోసారి ఎవరూ లేని ఇంట్లో ఆయన చేతులు పెట్టినట్టు నా చేతులు పెట్టి చూసుకుంటాను. బరువు ఏదీ తెలియదు.

వ్యాను మాత్రం ఆ ఎండాకాలానికి వచ్చింది. తెల్లది, పక్కన జెండా బొమ్మ. నేను బీపీ మాత్రల కోసం సైనికుల ఆసుపత్రికి వెళ్ళిన ఒక రోజు, అది వచ్చి వరండా ముందు ఆగింది. పెద్దాయన అందరికంటే చివర దిగారు. కర్రతో మెట్లు ఎక్కుతుంటే ఎదురెళ్ళి చెయ్యి అందించాను. బెంచీ మీద కూర్చోబెట్టాను. గుత్తిలో మాతో పాటు బయలుదేరిన ఒక నాయక్ వారం కిందట పోయారు. నడకలో అందరికీ పాటలు పాడి నవ్వించిన మనిషి. ఆ సంగతి ఈయనకు ఎవరైనా చెప్పారో లేదో నాకు తెలియదు. చుట్టూ మందుల కోసం కూర్చున్న జనం. నేను ఆయన చెవి దగ్గరికి వంగి, ఊపిరి తీసుకుని, గట్టిగా చెప్పాను. అందరూ తలలు తిప్పి చూశారు. లోపల నుంచి నర్సు వచ్చి, "అమ్మా, ఇది ఆసుపత్రి" అంది.

ఆయనకు సగమే వినపడింది. "ఎవురు? ఏ నాయక్?" అన్నారు.

నేను మళ్ళీ చెప్పాను.